బొమ్మ విమానం – మన ధమ్మం

 

ఈసారి కరపత్రంలో ఒక చిన్న విషయం తీసుకుంటున్నం. చిన్నదే గని, దాని లోపల పెద్ద ప్రశ్న ఉన్నది. మన నిర్మల్ వాడల్లో ముప్పై, నలభై ఏళ్ల తమ్ముళ్లు కొందరు ఒక పని పెట్టుకున్నరు. రాత్రి బువ్వ తిన్నంక లైటు కింద కూసొని, ప్లాస్టిక్ ముక్కలు కోసి, అతికి, రంగులేసి విమానం బొమ్మలు చేస్తున్నరు. అవి ఎయిర్‌పోర్టులో కనిపించే విమానాలు కావు. చిన్నప్పుడు టీవీలో చూసిన కార్టూన్ విమానాలు. ఈ లోకంలో ఎన్నడూ ఎగరనివి.

దీంతో ఇంట్లో రెండు ప్రశ్నలు పుడుతున్నయి. ఇల్లాలు అడుగుతది: "ఇంత వయసొచ్చింది, పైసలు పెట్టి ఈ బొమ్మలేంది?" బిడ్డ అడుగుతది: "బాపూ, పుష్పక విమానం ఉత్త కథ అని విహారంల చెప్పిండ్రు గదా. మరి నువ్వు చేసే విమానం నిజమా?"

ఇల్లాలి ప్రశ్న ఖర్చుది. బిడ్డ ప్రశ్న సత్యానిది. రెండూ న్యాయమైనవే. ముందు బిడ్డ ప్రశ్ననే తీసుకుందాం.

ప్రశ్న అడిగిన నోరు మూయొద్దు

బిడ్డను కసరొద్దు. మన గోదావరి నేలకు ప్రశ్న కొత్త కాదు. సుత్తనిపాతంలోని పారాయణ వగ్గంలో బావరి అనే బ్రాహ్మణ ఆచార్యుడి కథ ఉన్నది. ఆయన అస్సక దేశంలో గోదావరి ఒడ్డున ఉండేవాడు. ఖానాపూర్ దగ్గరి బాదన్‌కుర్తే ఆ చోటు అని చరిత్రకారులు కొందరు చెప్తరు. ఒకడు వచ్చి ఐదు వందల నాణేలు అడిగాడు. బావరి దగ్గర లేవు. ఏడో రోజున నీ తల ఏడు ముక్కలు అయితదని వాడు శాపం పెట్టాడు. బావరి భయంతో తిండి మానేశాడు. చివరికి తన పదహారు మంది శిష్యులను తథాగతుడి దగ్గరికి పంపాడు. వాళ్లు నెలల తరబడి నడిచిపోయి అడిగారు. తథాగతుడు ఇచ్చిన జవాబు సారం ఇది: తల అంటే అవిద్య, దాన్ని పగలగొట్టేది విద్య. శాపం పోయింది. భయం పోయింది. ఒక ప్రశ్న పోయి అడగడం వల్లనే పోయింది.

కాబట్టి "మరి నీ విమానం నిజమా?" అని అడిగిన పిల్ల బావరి శిష్యులు నడిచిన తొవ్వనే నడుస్తున్నది. ఆ పిల్లకు సరైన జవాబు చెప్పాలె.

రెండు ఊహా విమానాలు

మన తరం టీవీలో చూసిన విమానాలు యాదికి తెచ్చుకోండ్రి. 1987 జనవరిలో దూరదర్శన్‌లో రామాయణం సీరియల్ మొదలైంది. ఆదివారం పొద్దున టీవీ ఉన్న ఇంటి ముందు ఊరంతా కూసునేది. కొందరు టీవీకే దండలు వేసి, కొబ్బరికాయలు కొట్టిండ్రు. దాంట్లో పుష్పక విమానం ఉన్నది. తర్వాత 90లలో ఆదివారం పూట టేల్‌స్పిన్ వచ్చింది. దాంట్లో బాలూ అనే ఎలుగుబంటి సీ డక్ అనే సరుకుల విమానం నడిపేది. కేబుల్ వచ్చినంక కార్టూన్ నెట్‌వర్క్‌లో స్వాట్ క్యాట్స్ వచ్చింది. ఇంగ్లీషు ముక్క అర్థం కాకున్నా పిల్లలు ఆ టర్బోక్యాట్ అనే జెట్ విమానం కోసం ఉరికొచ్చి కూసునేటోళ్లు. ఇయ్యాల మన తమ్ముళ్లు ఎక్కువగా చేస్తున్నది దాన్నే.

పుష్పకం, టర్బోక్యాట్ రెండూ ఊహలే. అయితే రెంటికీ తేడా ఉన్నది.

మొదటి తేడా: బొమ్మ చేసేవాడు బొమ్మను బొమ్మ అనే అంటడు. టర్బోక్యాట్ నిజంగా ఎగిరిందని ఎవ్వడూ అనడు. దాని పేరు మీద దక్షిణ అడగడు. దాన్ని కాదన్నవాణ్ణి ద్రోహి అనడు. పుష్పకం సంగతి అట్ల లేదు. "మన పూర్వీకులు విమానాలు చేసిండ్రు, తెల్లోళ్లు మన గ్రంథాలు చూసి నేర్చుకున్నరు" అని చదువుకున్నోళ్లే చెప్తున్నరు. 2015 జనవరిలో ముంబైలో జరిగిన భారత సైన్స్ కాంగ్రెస్‌లో సైతం ప్రాచీన విమానాల మీద ప్రసంగం చేసిండ్రు. వాళ్లు చూపించే పుస్తకం వైమానిక శాస్త్రం. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఐదుగురు శాస్త్రవేత్తలు 1974లోనే దాన్ని పరిశీలించారు. ఆ పుస్తకం 1904 కంటే పాతది కాదని, అందులో చెప్పిన యంత్రాలు ఎగరలేవని తేల్చారు. మన దేశపు శాస్త్రవేత్తలే, మన దేశపు సంస్థలోనే చేసిన పరీక్ష ఇది.

బాబాసాహెబ్ "బుద్ధుడు - ఆయన ధమ్మం" గ్రంథంలో ఏది అధమ్మమో వరుసగా చెప్పారు. అతీత శక్తుల మీద నమ్మకం అధమ్మం. ఊహాగానం మీద నిలబడిన నమ్మకం అధమ్మం. గ్రంథంలో తప్పే ఉండదనుకోవడం అధమ్మం. ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా గమనించాలె. ఊహించడమే అధమ్మం అని ఆయన అనలేదు. ఊహను సత్యమని నమ్మించి, దాని మీద బతుకును కట్టడం అధమ్మం. కథ కథగా ఉన్నప్పుడు అందులో మోసం లేదు. కథ శాసనమైనప్పుడే మనకు సంకెల పడ్డది.

రెండో తేడా ఇంకా లోతైనది: ఆ విమానం ఎవరిని మోసింది? ఎక్కడికి పోయింది? ఉత్తరకాండ చదవండ్రి. రాముడు పుష్పక విమానం ఎక్కి, ధనుస్సు, కత్తి పట్టుకొని నాలుగు దిక్కులు వెతుకుతడు. వెతికి వెతికి తపస్సు చేసుకుంటున్న శంబూకుణ్ణి పట్టుకుంటడు. నువ్వు ఏ వర్ణం అని అడుగుతడు. శూద్రుణ్ణి అని ఆయన నిజం చెప్పిండు. చెప్పిన మరుక్షణమే ఆయన తల తెగింది. బాబాసాహెబ్ 1936లో "కుల నిర్మూలన"లో ఈ శంబూకుడి హత్యనే ఎత్తి చూపారు. చాతుర్వర్ణ్యం నిలబడాలంటే దండం కావాలె, శిక్ష లేనిదే అది నిలవదు అని చెప్పడానికి. మనం టీవీ ముందు దండం పెట్టిన విమానం, ఆ గ్రంథంలో, తపస్సు చేసిన శూద్రుడి దగ్గరికి కత్తిని మోసుకుపోయిన విమానం.

ఇగ టర్బోక్యాట్ కథ. ఇద్దరు పైలట్లు ఉంటరు. వాళ్ల మీద నింద పడుతది. కొలువు పోతది. జరిగిన నష్టం తీర్చేదాక పాత ఇనుప సామాను పడేసే యార్డులో పని చేయాలని శిక్ష పడుతది. ఊరు పారేసిన చెత్తలో ఊరు పారేసిన మనుషులు. వాళ్లు ఆ పాత సామాను నుంచే ఒక్కొక్క భాగం ఏరుకొని, బాగుచేసి, సొంత విమానం కట్టుకుంటరు. తమను ఎల్లగొట్టిన ఊరినే కాపాడుతరు. ఆ కార్టూన్ తీసినోళ్లకు మన కులం సంగతి తెలువది. అయినా ఊరవతల వాడలో, పాత సామాన్ల మధ్య పెరిగిన పిల్లగానికి ఆ విమానం ఎందుకంత నచ్చిందో వేరే చెప్పాల్నా?

కాబట్టి బిడ్డకు జవాబు ఇట్ల చెప్పండ్రి: "రెండూ నిజం కావు బిడ్డా. ఒకటి నిజమని నమ్మించి మనల్ని కింద పెట్టిండ్రు. ఇంకొకటి ఉత్త కథ అని తెలిసే చేస్తున్న. నువ్వు ఏ కథ విన్నా, అది ఎవరిని పైకి తీసుకపోతది, ఎవరిని తొక్కుతది అని అడుగు."

అయితే తమ్ముళ్లకు ఒక హెచ్చరిక. ఒక దేవుణ్ణి దించి ఇంకో హీరోను ఎక్కించొద్దు. ఆ కార్టూన్ విమానం నిండా క్షిపణులే. తథాగతుడు ఉపాసకులకు వద్దన్న వ్యాపారాల్లో ఆయుధాల వ్యాపారం మొదటిది. బొమ్మ చేయడం వ్యాపారం కాదు, నిజమే. కానీ పిల్లల ముందు ఆ బొమ్మ పట్టుకొని "గిట్ల బాంబులేస్తే ఊరు లేచిపోతది" అని ఆడకండ్రి. సరుకులు మోసే సీ డక్‌ను కూడా చేసి పక్కన పెట్టండ్రి. మనుషులకు పనికొచ్చేది ఏదో పిల్లలే చెప్తరు.

రెండు చక్రాల కథ

ఇగ చేసే పని సంగతి. వారణాసి దగ్గర ఇసిపతనంలో తథాగతుడు ఒక కథ చెప్పారు. అంగుత్తర నికాయంలో ఉన్నది. పచేతనుడనే రాజు రథాలు చేసే వడ్రంగిని పిలిచి, ఆరు నెలల్లో యుద్ధం ఉన్నది, కొత్త చక్రాల జత కావాలె అన్నాడు. ఆరు రోజులు తక్కువ ఆరు నెలలకు ఒక చక్రమే తయారైంది. మిగిలిన ఆరు రోజుల్లో రెండోది చేసేశాడు. రాజు చూశాడు. రెండూ ఒక్కతీరే ఉన్నయి. తేడా ఏంది అని అడిగాడు. వడ్రంగి రెండింటినీ దొర్లించాడు. ఆరు రోజుల్లో చేసిన చక్రం ఊపు ఉన్నంతసేపు దొర్లి, గిర్రున తిరిగి కింద పడింది. ఆరు నెలల చక్రం ఊపు అయిపోయినంక ఇరుసు మీద ఉన్నట్టే నిలబడ్డది. ఎందుకంటే రెండోదాని అంచులో, ఆకుల్లో, నడిమి దిమ్మలో వంకరలు మిగిలినయి. పైకి కనబడలేదు, అంతే. మనిషి కూడా అంతే అని తథాగతుడు చెప్పారు. శరీరంలో, మాటలో, మనసులో వంకర తీయనివాడు ధమ్మం నుంచి ఆ చక్రం లాగనే పడిపోతడు.

బొమ్మ విమానం చేసినోళ్లకు ఈ కథ చేతికి తెలుసు. కిట్ పెట్టెలో ముక్కలన్నీ ప్లాస్టిక్ చట్రానికి అంటుకొని ఉంటయి. తుంచితే విరుగుతయి, కట్టర్‌తో కోయాలె. జిగురు పెట్టకముందే ఒకసారి ముక్కకు ముక్క ఆనించి చూడాలె. ఆ జిగురు మామూలు బంక కాదు. ప్లాస్టిక్ పై పొరను కరిగించి రెండింటిని ఒకటి చేస్తది. తొందరపడి కదిలిస్తే మళ్లీ సరిచేయలేం. ఆరినంక అతుకు దగ్గర సన్నటి సందు మిగులుతది. దానికి లప్పం పెట్టి, ఆరనిచ్చి, ఉప్పు కాగితంతో రుద్దాలె. రుద్దకుండా రంగు వేస్తే దాగుతదనుకుంటరు. దాగదు. రంగు పడ్డంకనే ఆ గీత ఇంకా ఎక్కువ కనబడుతది.

కిట్ దొరకని విమానమైతే ఇంకా కష్టం. పాత డబ్బాల ప్లాస్టిక్, రాయడం అయిపోయిన పెన్నుల గొట్టాలు, మందుసీసాల మూతలు ఏరుకొని కొలిచి కోయాలె. విమానం బొమ్మలకు బాగా నడిచే కొలత 72వ వంతు. అంటే బొమ్మ మీద ఒక అంగుళం అసలు విమానం మీద ఆరు అడుగులు. అసలు విమానమే లేనప్పుడు కొలత ఎక్కడిది? తెర మీద బొమ్మ ఒక సీనులో పొడుగు, ఇంకో సీనులో పొట్టి. చేసేవాడే ఆలోచించి, మనిషి కూసునే చోటును బట్టి, మిగతా అంతా లెక్క కట్టుకోవాలె. ఇది ఉత్త ఆట కాదు. గణితం, ఓపిక, ఎరుక మూడూ కలిసిన సమ్యక్ వ్యాయామం. కోసేటప్పుడు మనసు పక్కకు పోతే కట్టర్ వేలు మీదికి వస్తది. ఎరుక అంటే ఏందో పుస్తకం కంటే ముందు కత్తే నేర్పుతది.

రైట్ సోదరులు సైకిళ్లు బాగుచేసే దుకాణం నడిపినోళ్లు. 1901లో ఒక చెక్క పెట్టెలో గాలి పంపి, దాదాపు రెండు వందల చిన్న చిన్న రెక్కల నమూనాలు చేసి పరీక్షించారు. 1903 డిసెంబర్ 17న వాళ్ల విమానం ఎగిరింది. మొదటిసారి 12 సెకన్లు, 120 అడుగులు. మంత్రం చదివితే లేవలేదు. నమూనా చేసి, తప్పు చూసి, మళ్లీ చేస్తే లేచింది. మన రాజ్యాంగం 51ఎ అధికరణంలో పౌరుడి బాధ్యతగా చెప్పిన శాస్త్రీయ దృష్టి ఇదే.

విడదీస్తే విమానం ఎక్కడ?

మిలింద రాజు నాగసేన భిక్షువును కలిసినప్పుడు రథం మాట వచ్చింది. నొగ రథమా? ఇరుసు రథమా? చక్రం రథమా? ఏదీ కాదు. అన్నీ సరైన తీరుగా కూడినప్పుడు రథం అని పిలుస్తం. ఆయన కంటే ముందే వజిరా అనే భిక్షుణి ఇదే ఉపమానం చెప్పిందని సంయుత్త నికాయంలో ఉన్నది. ఈ ధమ్మం ఆడబిడ్డ నోట ముందు పలికింది అని మన ఆడబిడ్డలకు చెప్పండ్రి.

కిట్ పెట్టె తెరిచి చూడండ్రి. అరవయ్యో, డెబ్బయ్యో ముక్కలు. విమానం ఏ ముక్కలో ఉన్నది? ఏ ముక్కలోనూ లేదు. లోపల దాక్కున్న విమాన ఆత్మ ఏదీ లేదు. కూడితే ఉన్నది, విడిస్తే లేదు. అనాత్మ అంటే ఇంతే. దీన్ని కులానికి పెట్టి చూడండ్రి. కులం పుట్టుకలో ఉన్నదా? రక్తంలో ఉన్నదా? పేరులో ఉన్నదా? ఏ ముక్కలోనూ లేదు. శాస్త్రం, భయం, పెళ్లి, భూమి, వాడ అన్నీ కూడి కట్టిన కట్టడం అది. కట్టినదాన్ని విప్పొచ్చు. బాబాసాహెబ్ 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో మనకు ఇచ్చిన పని అదే.

చెయ్యి తక్కువది కాదు

మన నిర్మల్‌కు బొమ్మ కొత్త కాదు. నకాషీ కళాకారులు తేలికైన పొనికి కర్రను చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతికి, రంగులేసి పండ్లు, పక్షులు, జంతువులు చేస్తరు. 1955లో వాళ్ల సహకార సంఘం ఏర్పడ్డది. ఊరి పేరు దేశమంతా తెలిసింది చేతిపని వల్లనే. మన తాతలు తోలు నానబెట్టి చెప్పులు కుట్టిండ్రు, డప్పు కట్టిండ్రు, మగ్గం నేసిండ్రు. ఆ చెయ్యి లేకుంటే ఊరికి నడక లేదు, బట్ట లేదు. అయినా ఆ చేతినే ముట్టుకోవద్దన్నరు. కులం పనిని పంచింది అంటరు గని, అది పనివాళ్లనే ఒకరి మీద ఒకరిని పెట్టి విడదీసింది అని బాబాసాహెబ్ చెప్పారు. ఆలోచించేవాడు పైన, చేసేవాడు కింద.

దాని దెబ్బకు మనలో కొందరు చదువుకున్నంక చేతిపని అంటేనే సిగ్గుపడుతున్నరు. పిల్లగాడు స్క్రూడ్రైవర్ పట్టుకుంటే "మనం మళ్లా గా పనికే పోవాల్నా" అంటున్నరు. ఆ బాధ నాకు అర్థమైతది. బలవంతంగా చేయించిన పని వేరు, ఇష్టంగా ఆలోచించి చేసే పని వేరు. తల, చెయ్యి ఒకే మనిషిలో కలిసినప్పుడు కులం కట్టిన గోడ ఒకటి కూలుతది. రాత్రిపూట బొమ్మ విమానం చేసే తమ్ముడు తనకు తెలియకుండానే ఆ పని చేస్తున్నడు.

పట్టుకోవడం దగ్గరనే దుఃఖం

ఇప్పుడు ఇల్లాలి ప్రశ్న. ఆమె కోపం ఊరికే రాలేదు. ఈ అలవాటులో తృష్ణకు పెద్ద తలుపు ఉన్నది. ఒక కిట్ పూర్తి కాకముందే ఇంకో మూడు తెప్పిస్తరు. బ్రిటన్‌లో 1965లో వచ్చిన థండర్‌బర్డ్స్ అని ఒకటి, జపాన్‌లో 1982లో వచ్చిన మాక్రాస్ అని ఒకటి, వాటి విమానాలకు పెద్ద కంపెనీల కిట్లు ఉన్నయి. చిన్నప్పుడు చూడనివాటి మీద కూడా ఆశ పుడుతది. పెట్టెలు అలమారలో పేరుకుంటయి. చేసే సుఖం పోయి కొనే సుఖం మిగులుతది. పిల్ల ఫీజు ఆగితే, ఇంట్లో అబద్ధం చెప్పి కొంటే, అప్పుడు అది శీలానికే దెబ్బ.

తథాగతుడు పిల్లల ఆటలను ఎరగనివాడు కాదు. మజ్ఝిమ నికాయంలో పిల్లవాడు పెరగడం గురించి చెప్తూ చిన్న నాగలి, గాలికి తిరిగే చక్రం, చిన్న రథం, చిన్న విల్లు అని బొమ్మల పేర్లే చెప్పారు. ఆటను నిందించలేదు. దుఃఖం ఎక్కడ మొదలైతది? నచ్చినదాన్ని గట్టిగా పట్టుకున్న దగ్గర. రాధ అనే భిక్షువుకు చెప్పిన ఉపమానం వినండ్రి. పిల్లలు మట్టితో చిన్న ఇళ్లు కట్టి ఆడుకుంటరు. ఆశ ఉన్నంతసేపు నాది నాది అని కాపాడుకుంటరు. ఆశ తీరినంక చేతులతో, కాళ్లతో వాళ్లే చెదరగొట్టి పోతరు. రూపాన్ని, వేదనను, తక్కిన స్కంధాలను అట్లనే చెదరగొట్టమని ఆయన చెప్పారు.

బాల్యం కూడా అట్లాంటి మట్టి ఇల్లే. ఎదురింటి కిటికీ బయట నిలబడి టీవీ చూసిన పిల్లగాడు, లోపలికి రమ్మనని ఇంటి ముందు నిలబడ్డ పిల్లగాడు మనలో చాలామందిలో ఇంకా ఉన్నడు. అప్పుడు దొరకని బొమ్మను ఇప్పుడు చేసుకుంటే ఆ పిల్లగానికి కొంత ఊరట. దాన్ని ఎవ్వరూ నవ్వొద్దు. కానీ ఎన్ని విమానాలు చేసినా ఆ ఆదివారం పొద్దు తిరిగి రాదు. అది అనిత్యం. రమ్మనని ఇంటి గుమ్మాన్ని తలుచుకొని కుమిలే బదులు, మన గుమ్మం ముందు నిలబడ్డ పిల్లను లోపలికి పిలవడమే ఆ బాధకు మందు.

అందుకే ఆచరణకు ఐదు మాటలు. అప్పు చేసి కిట్ కొనొద్దు, ఇంట్లో దాచి కొనొద్దు. చేతిలో ఉన్నది పూర్తి చేయకుండా ఇంకొకటి తెచ్చుకోవద్దు. జిగురు, రంగుల వాసన మంచిది కాదు, కిటికీ తెరిచి పెట్టండ్రి, పసిపిల్లలను దూరం ఉంచండ్రి. నెలకు ఒక ఆదివారం వందనం అయినంక విహారంలో పిల్లలను కూసోబెట్టి, పారేసే ప్లాస్టిక్‌తో చేయడం నేర్పండ్రి. ఆడపిల్లలకు కట్టర్ ముందు ఇయ్యండ్రి. చివరిది, చేసిన వాటిలో మంచిదాన్ని ఇచ్చేయండ్రి. బాగా కుదిరిన బొమ్మను చేతులారా ఇంకొకరి పిల్లకు ఇచ్చిననాడు దానం అంటే ఏందో తెలుస్తది.

బంధువులారా, పిల్లల ఊహలకు రెక్కలు కోయడం ధమ్మం కాదు. ఊహను ఊహగా చూపించి, చేతికి పని, తలకు ప్రశ్న ఇవ్వడం ధమ్మం. పుష్పకం కోసం ఆకాశం దిక్కు చూసే పిల్లలు మనకు వద్దు. కింద పడ్డ ముక్క చూసి, దీన్ని దేనికి అతకొచ్చు అని ఆలోచించే పిల్లలు కావాలె. వాళ్లలో ఒకరు రేపు నిజమైన విమానం దగ్గర పానా పట్టుకొని నిలబడొచ్చు. నిలబడకున్నా, ఎవడో చెప్పిన మాటను అతుకు అతుకు పట్టి చూసే మనిషి అయితరు. అది చాలు.

నమో బుద్ధాయ! జై భీమ్!